వారాంతపు ప్రణాళికా సంఘం

1950లో పుట్టిన ప్రణాళికా సంఘాన్ని కేంద్రం 2015 జనవరి 1న పక్కనపెట్టి, నీతి ఆయోగ్ బోర్డు తగిలించింది. పంచవర్ష ప్రణాళికల కథ కంచికి చేరిందని ఢిల్లీలో అందరూ అనుకున్నారు. చేరలేదు. ఆ సంఘం తట్టాబుట్టా సర్దుకుని హైదరాబాద్ వచ్చేసి కొండాపూర్, మణికొండ, నిజాంపేట అపార్ట్‌మెంట్లలో ఇంటికో శాఖ తెరిచింది. బుధవారం రాత్రి పిల్లల హోంవర్కు అయ్యాక వాట్సాప్‌లో సమావేశమవుతుంది. ఎజెండా ఒక్కటే: ఈ శని, ఆదివారాలు ఎక్కడికెళ్దాం?

సమావేశం పోల్‌తో మొదలవుతుంది. గోల్కొండ, జూపార్కు, అనంతగిరి, రామోజీ ఫిల్మ్ సిటీ, చివర్లో 'ఇంకేదైనా'. తోడల్లుడుగారు ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక అయిదింటికీ ఓటేస్తారు. మరదలు ఓటేసి, పది నిమిషాల తర్వాత తీసేస్తుంది. వదినగారు మాత్రం పోల్ జోలికి వెళ్లకుండా "మీరెలా అంటే అలా" అని ఓ వాక్యం పడేస్తారు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో వీటో హక్కు ఉన్నది అయిదు దేశాలకే. ఆరోది ఈ వాక్యం. అది పడ్డాక వదినగారు నిజంగా ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో తెలిసేదాకా ఒక్కరూ కిమ్మనరు. అర్ధరాత్రికి లెక్క తేలుతుంది. గెలిచింది 'ఇంకేదైనా'. అది ఏ ఊళ్లో ఉందో ఎవరికీ తెలియదు.

గురువారం అభ్యంతరాల స్వీకరణ. గోల్కొండ అనగానే అత్తయ్యగారికి మోకాళ్లు గుర్తొస్తాయి. "మీరెక్కి రండి నాయనా, నేను కింద కూర్చుంటాలే" అంటారు. ఆవిడను కింద కూర్చోబెట్టి పైకెళ్లిన అల్లుడి పరువు ఏమవుతుందో ఆవిడకూ తెలుసు, అల్లుడికీ తెలుసు. గోల్కొండ అక్కడితో రద్దు. పోనీ సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకి వెళ్దాం, అమితాబ్ బచ్చన్ గొంతు వినొచ్చు అని ఎవరో అంటే, ఆ గొంతు 'కౌన్ బనేగా కరోడ్‌పతి'లో ఇంట్లోనే వస్తుంది కదా అని ఇంకెవరో అంటారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండమీద బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఏర్పాటు చెక్కుచెదరకుండా పనిచేస్తోంది. ఈ గ్రూపులో పదకొండు మందికి నీలం టిక్కులు పడి కూడా ఒక్కరు బదులివ్వరు. సమాచార వ్యవస్థల్లో మనం ఎంత ముందుకొచ్చామో కుతుబ్‌షాహీలు చూసి ఉంటే ముచ్చటపడేవాళ్లు.

దూరం గురించి కూడా ఓ మాట చెప్పుకోవాలి. హైటెక్ సిటీ చుట్టుపక్కల కాపురం పెట్టిన కుటుంబానికి చార్మినార్ చాలా దూరం. కిలోమీటర్లు ఎక్కువై కాదు, మనసొప్పక. "అమ్మో ఓల్డ్ సిటీనా, ట్రాఫిక్!" అన్న ఒక్క ముక్కతో 1591 నాటి కట్టడం జాబితాలోకి ఎక్కకుండానే ఎగిరిపోతుంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే ఎంజీబీఎస్‌లో దిగొచ్చు. అక్కడినుంచి పాతబస్తీలోకి వెళ్లాల్సిన లైను కాగితాల మీద చాలా ఏళ్లుగా పరుగెడుతోంది కాబట్టి మిగతా దూరానికి ఆటో పట్టాలి. ఆటో పట్టడమా? పదిహేను లక్షలు పోసి కారు కొన్నది ఆటో ఎక్కడానికా?

అందుకని కారు తీస్తారు. తీసి, ఎనభై కిలోమీటర్ల అవతలున్న అనంతగిరి వైపు తిప్పుతారు. చార్మినార్‌కు వెళ్లడానికి పనికిరాని ట్రాఫిక్ చేవెళ్ల రోడ్డు మీద మాత్రం ప్రకృతి ఆరాధన కిందికి వస్తుంది. దారి పొడవునా వందలకొద్దీ పాత మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పుకు అడ్డమని వాటిని తీసేస్తామంటే, తీయొద్దని నగరంలోని వృక్షప్రేమికులు ఏళ్ల తరబడి కొట్లాడారు. ఆ చెట్ల నీడలోంచి మన ప్రకృతి ఆరాధకులు అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని, వందలో వెళ్లిపోతారు. అనంతగిరి మూసీనది పుట్టినచోటు. కొండమీద పుట్టిన నీళ్లు చూసి పరవశించి, ఆదివారం సాయంత్రం తిరిగొస్తూ చాదర్‌ఘాట్ దగ్గర అదే మూసీ మీదుగా ముక్కు మూసుకుని వెళ్లే కుటుంబాలు లేకపోలేదు. రెండూ ఒకటే నది అన్న సంగతి పిల్లలకు చెప్పడం ఎందుకులెమ్మని ఊరుకుంటారు కాబోలు.

నగరం వినోదానికి మొహం వాచిపోయి ఉందనడానికి ప్రభుత్వం దగ్గరే సాక్ష్యాలున్నాయి. 2020 సెప్టెంబర్ 25న దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. జూబ్లీహిల్స్‌కూ గచ్చిబౌలికీ మధ్య వాహనాలు త్వరగా సాగిపోవాలని కట్టారు. జనం అక్కడే ఆగిపోయారు. నడిరోడ్డు మీద బండి ఆపి సెల్ఫీ, బండి మీద నిలబడి సెల్ఫీ, రోడ్డు మీద పడుకుని సెల్ఫీ. పోలీసులు జరిమానాలు వేసి చూశారు. చివరికి తొలిరోజుల్లో శని, ఆదివారాలు వాహనాలనే ఆపేసి వంతెనను నడిచేవాళ్లకు వదిలేశారు. ట్రాఫిక్ తగ్గించడానికి కట్టిన వంతెన మీద ట్రాఫిక్‌ను నిషేధించిన ఘనత ఇంకే నగరానికైనా ఉందేమో గాని, మనకైతే ఉంది.

మరుసటి ఏడాది ట్యాంక్‌బండ్ వంతు. 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి, 'సండే ఫన్ డే' అని బ్యాండు మేళాలు పెట్టి, తినుబండారాల బండ్లు దించారు. 1560లలో ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో తవ్విన చెరువు గట్టు, 1992లో నీళ్ల మధ్య నిలబడ్డ బుద్ధుడు, చల్లగాలి. ఆలోచన బంగారంలాంటిది. కార్లు లేని రోడ్డు మీద నడిచే భాగ్యం కోసం జనం కార్లు వేసుకుని వచ్చారు. గట్టు ఖాళీ, గట్టు చుట్టూ ఉన్న రోడ్లు కిటకిట. బుద్ధుడు ఒక చేయెత్తి అభయమిస్తున్న భంగిమలో ఉంటాడు. ఆ ఆదివారాల్లో చూసినవాళ్లకు ట్రాఫిక్ ఆపుతున్నట్టే ఉండేది.

ఇంతకీ మన ప్రణాళికా సంఘం సంగతి. శుక్రవారం రాత్రి ఒకరికి జలుబు చేస్తుంది, ఇంకొకరికి సోమవారం రిలీజ్ ఉందని ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. శనివారం లేవడమే పది. బట్టలు, కూరగాయలు, కటింగ్ షాపులతో సాయంత్రమవుతుంది. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని కునుకు తీసి లేచేసరికి అయిదు. పన్నెండు పంచవర్ష ప్రణాళికలు నడిపిన దేశంలో ఏ ప్రణాళికైనా చివరికి ఎక్కడ తేలుతుందో అక్కడే ఇదీ తేలుతుంది. "పోనీ, మాల్‌కి పోయొద్దాం."

మాల్ దగ్గర కాసేపు ఆగాలి. వారాంతం అసలు రూపు కనిపించేది అక్కడే. 2018లో అప్పటి ప్రభుత్వం ఒక మంచి ఉత్తర్వు ఇచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్‌కు పైసా తీసుకోకూడదు. అరగంట దాటి గంటలోపైతే ఏదో ఒకటి కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే మాత్రం పార్కింగ్ రుసుం కన్నా ఎక్కువ మొత్తానికి బిల్లయినా, సినిమా టికెట్టయినా చూపించాలి. జనం జేబు కాపాడదామని పెట్టిన నిబంధన. మన మధ్యతరగతి మేధస్సు దాన్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చూడాలి.

ఒక ఇంటిపెద్ద. మాల్ మూడో బేస్‌మెంట్‌లో కారు పెట్టి గంటా ఇరవై నిమిషాలైంది. ఇప్పటిదాకా కుటుంబం కొన్నది సున్నా, చూసింది నాలుగంతస్తులు. ఎస్కలేటర్ మొదట్లో నిలబడి ఫోన్‌లో టైము చూసుకుంటాడు. పార్కింగ్ చీటీ వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదువుతాడు. భార్య వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఊరికే ముప్పై రూపాయలు కట్టడం ఎందుకే, ఏదో ఒకటి తీసుకుందాం" అంటాడు. ఆ 'ఏదో ఒకటి' కోసం ఫుడ్‌కోర్టుకు ఎక్కుతారు. అక్కడ డబ్బులు వేయించుకునే కార్డు ఒకటి కొనాలి. పిల్లాడు పెద్ద పాప్‌కార్న్ అంటాడు, పిల్ల ఫ్రైస్ అంటుంది. అత్తయ్యగారు "నాకేం వద్దు" అని, వచ్చాక అందరి ప్లేట్లలోంచి కాస్త కాస్త రుచి చూస్తారు. ఎనిమిది వందల నలభై రూపాయల బిల్లు పర్సులో భద్రంగా పెట్టుకుని, బయటికెళ్లే గేటు దగ్గర కిటికీ దించి, సరిహద్దులో పాస్‌పోర్టు చూపినట్టు చూపిస్తాడు. గేటు లేస్తుంది. ముప్పై రూపాయలు మిగిలాయి. ఇంటికెళ్లే దారంతా ఆయన మొహంలో గెలిచిన కళ ఉంటుంది.

అసలు కిటుకంతా ఆ బిల్లులోనే ఉంది. బిల్లు పుట్టని షికారును షికారుగా ఒప్పుకోవడానికి ఈ నగరం సిద్ధంగా లేదు. సోమవారం పొద్దున క్యాంటీన్‌లో "వీకెండ్ ఏం చేశారు?" అని అడిగితే "ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూశాను" అన్నవాడి వంక జాలిగా చూస్తారు. ఆదివారం షాపులు మూసి ఉంటే వాటి ముందు పరుచుకునే ఆ పుస్తకాల బజారు తరాలుగా నడుస్తోంది. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో 2010 నుంచి నాటకాలు, పాటలు, చర్చలు నడుస్తున్నాయి, చాలావాటికి టికెట్టే ఉండదు. టికెట్ లేదంటేనే మనవాళ్లకు అనుమానం. ఉచితంగా చూపించే నాటకంలో ఏదో లోపం ఉండే ఉంటుందని, డబ్బు కట్టి అంతకన్నా పెద్ద లోపం చూడ్డానికి మల్టీప్లెక్సుకు పోతారు.

ప్లానింగ్ లేకుండా ఊరు ఊరంతా కదిలే సందర్భం ఒకటుంది. నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు రాష్ట్ర ఆర్థిక సర్వేకు డబ్బు కూడబెట్టడానికి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. తర్వాత నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా ఏటా జనవరి 1న తెరుచుకుని 46 రోజులు నడుస్తుంది. దానికి పోల్ పెట్టిన ఇల్లు ఉండదు. "నుమాయిష్ పడింది, ఎప్పుడు పోదాం?" అంటారంతే. కాశ్మీరీ శాలువాలను బేరమాడి కొనకుండా వచ్చేయడం, మిర్చి బజ్జీ ఊదుకుంటూ తినడం, బొమ్మ రైలు కోసం వరసలో నిలబడడం. ఆ మైదానాన్ని నడిపే సొసైటీ వచ్చే డబ్బుతో కాలేజీలు నడుపుతోంది. ఆడపిల్లల వనితా మహావిద్యాలయ వాటిలో ఒకటి. మాల్‌లో తిన్న ఫ్రైస్ ఎవరిని చదివించాయో లెక్క తీయాలంటే కష్టం.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియం. నగరంలో పుట్టి పెరిగినవాడు దాన్ని జీవితంలో రెండుసార్లు చూస్తాడు. ఒకటి బడి విహారయాత్రలో, రెండోది అమెరికా నుంచి చుట్టాలొచ్చినప్పుడు. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీ నుంచి తెచ్చిన 'మేలిముసుగు రెబెక్కా' శిల్పం అక్కడుంది. చలువరాతిని పల్చటి గుడ్డలా చెక్కి, ఆ గుడ్డ వెనక మొహం కనిపించేలా చేశాడు శిల్పి బెంజోని. దాన్ని చూడడానికి వచ్చేవాళ్లు చాలామందే, కానీ జనం విరగబడేది గడియారం దగ్గర. గంటకు పది నిమిషాల ముందు నుంచే పెద్దవాళ్లు, బుర్ఖాల్లో ఆడవాళ్లు, జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చిన బడిపిల్లలు దాని ఎదురుగా చేరతారు. గడియారంలో ఒక బుల్లి కమ్మరి సెకనుకోసారి సుత్తి వేస్తుంటాడు. గంట సమీపించగానే తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి, మళ్లీ లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. అంతే. దాంతో అయిపోయింది. అయినా ఆ గుంపులో ఎవరూ "ఇంతేనా" అనరు. చంకలో పిల్లాడు "మళ్లీ" అంటే, "ఇంకో గంటాగాలిరా" అని తల్లి నవ్వుతుంది. వాళ్లలో ఎక్కువమంది సిటీబస్సులో వచ్చినవాళ్లు, పులిహోర డబ్బా కట్టుకొచ్చినవాళ్లు. ముందురోజు రాత్రి అనుకుని పొద్దున్నే బయల్దేరినవాళ్లు. వాట్సాప్ గ్రూపుల్లో మనం అయిదు రోజులు వెదికిన 'ఇంకేదైనా' వాళ్లకు ఒక్క రాత్రిలో దొరికింది.

కాబట్టి సంఘం సభ్యులకు విన్నపం. ఈ బుధవారం పోల్ పెట్టకండి. సాలార్‌జంగ్‌కు సెలవు శుక్రవారం, జూపార్కుకు సోమవారం. శని, ఆదివారాలు రెండూ తెరిచే ఉంటాయి. గడియారం ఎక్కువసార్లు కొట్టేది మధ్యాహ్నం పన్నెండింటికి కాబట్టి కాస్త ముందే చేరండి. అత్తయ్యగారికి కూర్చోడానికి చోటు చూడాలి కదా.