మూతిలో మిగిలిన చుక్క

ఆత్మకథ అంటే ‘నేను, నేను’ అనాలి. ఈ సిరంజి అలా అనదు. కథ తనదే అయినా, అందులో సగం తన మూతిలో కాపురం పెట్టిన వైరస్‌ది.

రెండు మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి. సూది ఊడదీసి మళ్లీ తగిలించుకునే రకం. పంజాబ్‌లో తరన్ తారన్ వైపు ఓ మందుల షాపులో ఒక కుర్రాడు కొన్నాడు. ఒక్కసారి వాడి పారేయాల్సిన వస్తువు, కాలవ గట్టున నలుగురి చేతులు మారింది. అక్కడ హెరాయిన్‌ని ‘చిట్టా’ అంటారు. చెంచాలో పొడి, కాసిని నీళ్లు, కింద లైటర్, వడకట్టడానికి చిన్న దూది ఉండ. మొదటివాడు నరానికి ఎక్కించుకుని, సిరంజిని ఒకసారి నీళ్లతో కడిగి పక్కవాడికిచ్చాడు. కడిగేశాం కదా అని ధీమా.

పిస్టన్ ఎంత నొక్కినా ఈ రకం సిరంజి మూతిలో ఒక చుక్క ఉండిపోతుంది. సూది గొట్టానికే అతికి ఉండే ఇన్సులిన్ సిరంజిలో ఆ మిగులు చాలా తక్కువ. అమెరికాలో యేల్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో, మిగులు ఎక్కువుండే సిరంజిల్లో హెపటైటిస్ సి వైరస్ 63 రోజుల దాకా బతికింది. పైగా తప్పంతా సూదిదే కాదు. ఆ చెంచా, ఆ దూది, ఆ నీళ్లు కూడా అంటిస్తాయి.

2019లో వెలువడిన కేంద్ర సర్వే ప్రకారం దేశంలో మత్తును సూదితో ఎక్కించుకునేవాళ్లు సుమారు 8.5 లక్షలు.

కాలవ గట్టు మీది ఆ నలుగురిలో ఒకడు మత్తు మానుకోవాలని ప్రభుత్వ క్లినిక్‌కి వెళ్లాడు. తర్వాతి సంగతులన్నీ వాడు గట్టుకొచ్చి మిగతా ముగ్గురికీ చెబుతుంటే సిరంజి విన్నవే. రోజూ నాలుక కింద బుప్రెనార్ఫిన్-నలాక్సోన్ మాత్ర పెడుతున్నారట. రక్తం తీసి చూస్తే హెపటైటిస్ సి యాంటీబాడీలు కనిపించాయి. అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందన్న మాటే. ఇంకా ఉందో లేదో తేలాలంటే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాలి. చేశారు. ఉంది. వాడికి నొప్పి లేదు, కామెర్లు లేవు. ఈ జబ్బు ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండానే కాలేయాన్ని గట్టిపరుస్తుంది.

“ముందు మత్తు మాను, తర్వాత కాలేయం సంగతి చూద్దాం” అనే డాక్టర్లు ఇంకా ఉన్నారు. తలకిందుల లెక్క! మత్తు వాడుతున్నా వైద్యం ఆపక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మత్తు మాన్పించే మందూ, కాలేయం మందూ ఒకే కిటికీ దగ్గర అందితే మనిషి మధ్యలో జారిపోడు.

వాడికి సోఫాస్బువిర్, డాక్లాటాస్విర్ మాత్రలు 12 వారాలకు రాశారు. నూటికి 90 మందికి పైగా ఈ మందులతో వైరస్ పోతుంది. 2013 చివర్లో సోఫాస్బువిర్ అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. మరుసటి ఏడాది దాన్ని తయారుచేయడానికి భారతీయ కంపెనీలకు లైసెన్సులిచ్చారు. వాటిలో మన హైదరాబాద్ హెటెరో ఒకటి. ధర నేలకు దిగింది. పంజాబ్ 2016లో ఈ వైద్యాన్ని ఉచితం చేసింది, 2018 జూలై 28న దేశమంతటికీ జాతీయ కార్యక్రమం వచ్చింది.

నయమైనవాడు మళ్లీ పాత సిరంజి పంచుకుంటే జబ్బు మళ్లీ వస్తుంది. దీనికి టీకా లేదు. ఎప్పుడైనా, ఒక్కసారైనా, సూది పంచుకున్నవాళ్లు మీకు తెలిసుంటే జిల్లా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. జాతీయ కార్యక్రమం కింద పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే.