జి తోనా, జె తోనా?: ఒక కౌంటరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:
“పేరేంటమ్మా? జ్ఞానప్రసూనా? జి తోనా, జె తోనా? సర్లెండి, ఏదో ఒకటి వేస్తాను.”

అవతారిక. ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. అద్దం అడుగున చెయ్యి పట్టేంత కంత ఉన్న ప్రతి కౌంటరు దగ్గరా ఇదే పాఠం, ఇదే స్వరంతో వినబడుతుంది గనక అపౌరుషేయమని ఒక పక్షం. భోజనాల వేళకు ముందు వినిపించే పాఠంలో మూడో వాక్యం లోపిస్తుంది; దాన్ని లఘుపాఠం అంటారు.

నాయిక జ్ఞానప్రసూన. ఒక్క మనిషి కాదు. శ్రీకాళహస్తిలోని జ్ఞానప్రసూనాంబ అమ్మవారి పేరు పెట్టుకున్న ఆడపిల్లలందరికీ కలిపి ఇక్కడ ఒకటే పాత్ర. తెలుగులో అయిదక్షరాలు. బళ్లో గుణింతాలు సరిగ్గా దిద్దిన వాళ్లెవరూ దీన్ని రెండు రకాలుగా రాయలేరు. చిక్కంతా ఇంగ్లీషు గడుల్లోకి దించేటప్పుడే.

ముందుగా మల్లినాథసూరికి ఒక దణ్ణం. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన టీకలు లేకపోతే సంస్కృతం చదివే పిల్లలు సగం మంది సగంలోనే ఆగిపోయేవారు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మాట ఇచ్చి నిలబెట్టుకున్న మనిషి. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగమే పాటిస్తాడు. అన్నట్టు ఆ మహానుభావుడి సొంతూరని చెప్పే మెదక్ జిల్లా కొల్చారం కూడా ఇంగ్లీషు రాతల్లో ఒకచోట కె-ఓ తో, ఇంకోచోట కె-యు తో కనిపిస్తుంది. టీకాకారుడికే తప్పలేదు.

ప్రతిపదార్థం. పేరేంటమ్మా = నీ పేరు చెప్పుము అని; ఇచ్చట ‘అమ్మా’ గౌరవవాచకమే గాని, తల యెత్తి చూచుట లేదు గనుక పూర్ణగౌరవము కాదు. జ్ఞానప్రసూనా = విన్నానని తెలుపుట; సరిగా విన్నాడు, సరిగానే పలికాడు కూడా, ఈ సంగతి పాఠకుడు గుర్తుంచుకోవలెను. జి తోనా, జె తోనా = ఆంగ్లాక్షరములలో ఏది ముందు అని; ప్రశ్నవలె నున్నను ప్రశ్న కాదు, జవాబు కొరకు ఆగలేదు గనుక. సర్లెండి = ఇక విననని. ఏదో ఒకటి = రెండింటిలో వేలికి దగ్గరగా ఉన్న మీట. కీబోర్డు మీద జి పక్కనే హెచ్, దాని పక్కనే జె; కాబట్టి ఇది వేలెడు దూరపు వ్యవహారమే. వేస్తాను = ‘రాస్తాను’ అనక ‘వేస్తాను’ అనుటలో స్వారస్యమున్నది. రాసింది చెరిగిపోవచ్చు. వేసింది విత్తనంలా మొలుస్తుంది, కాస్తుంది, పదేళ్ల తర్వాత కోతకొస్తుంది.

వ్యాకరణ విశేషం. గుమస్తాను తిట్టేముందు ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకోవాలి. ‘జ్ఞ’ అన్నది జ కింద ఞ. లిపిని నమ్మితే జె. కానీ తెలుగు నోటికి అది గకారంగానే వస్తుంది. నోటిని నమ్మితే జి. ఈ ఒక్క అక్షరాన్ని దేశమంతా తిప్పి చూస్తే తమాషాగా ఉంటుంది. సాహిత్యానికిచ్చే జ్ఞానపీఠం జె తో మొదలవుతుంది. మరాఠీ వారి జ్ఞానేశ్వరుడు డి తో మొదలవుతాడు, వాళ్లు ‘ద్న్యా’ అని పలుకుతారు మరి. హిందీ వారి జ్ఞానం జి-వై. పంజాబు నుంచి వచ్చి రాష్ట్రపతి అయిన జ్ఞానీ జైల్ సింగ్ పేరు ముందున్న బిరుదు జి-ఐ. మన తెలుగువాళ్లూ తమిళులూ ఎక్కువగా రాసేది జి-ఎన్. అక్షరం ఒకటే, వేషాలు అయిదు. అందరూ ఒప్పే, అదే గొడవ.

ఇక జి-ఎన్ వేషంలో మన ప్రసూన విమానమెక్కితే ఇంకో వ్యాకరణం తగులుతుంది. ఇంగ్లీషులో మాట మొదట్లో జి-ఎన్ వస్తే జి మూగది. దోమలాంటి పురుగును ‘న్యాట్’ అంటారు, మరుగుజ్జు దేవతను ‘నోమ్’ అంటారు. రెండింటికీ ముందు జి కూర్చునే ఉంటుంది, నోరు మెదపదు. ఆ లెక్కన డాలస్‌లో కాఫీ పోసే కుర్రాడు ఆమెను ‘నానా’ అని పిలిస్తే వాడి భాష ప్రకారం వాడు తూచా తప్పలేదు. వాళ్లలో చాలామంది ముద్దుగా అమ్మమ్మను పిలిచే పిలుపు అది. పాతికేళ్ల పిల్ల పలక్కుండా నిలబడి ఉంటే వెనక వరసలోని ముసలావిడ ముందుకొచ్చినా ఆశ్చర్యం లేదు.

తకారం సంగతి ఇంతకన్నా పాతది. పంతొమ్మిదో శతాబ్దంలో విలియం విల్సన్ హంటర్ పేరుతో ఒక లిప్యంతరీకరణ పద్ధతి వచ్చింది; సర్కారు పటాల్లో ఊళ్ల పేర్లకు ఇప్పటికీ అదే ఆధారం. అందులో త కూ ట కూ ఒకటే టి. ఉత్తరాది వాళ్లకు ఆ టి చాలు. దక్షిణాది వాళ్లకు మనసొప్పలేదు. టికెట్‌లో, టీచర్‌లో ఆ అక్షరాన్ని మనం ట గానే వింటాం కదా, మరి సునీతను ‘సునీట’ చేసుకుంటామా? అందుకే పక్కన హెచ్ చేర్చాం. దాంతో ఢిల్లీలో ఆవిడ ‘సునీథా’ అయింది. హెచ్ తీసేస్తే చికాగోలో ‘సునీటా’. హైదరాబాదులో మాత్రం ఎలా రాసినా సునీతే, ఎందుకంటే ఇక్కడ స్పెల్లింగు చూసి ఎవరూ పలకరు, మనిషిని చూసి పలుకుతారు. వ్యాఖ్యాత దృష్టిలో మన హెచ్‌కు చెవి ఉంది. మ్యాపుల వాళ్ల పద్ధతికి లేదు. క్షకారానిదీ ఇలాంటి కథే. ఎక్స్ తో రాసే లక్ష్మణ్ సంగతి క్రికెట్ చూసే వాళ్లందరికీ తెలుసు. తెలంగాణలో ఎక్స్ వాడుక ఎక్కువ, కోస్తాలో కె-ఎస్-హెచ్ వాడుక ఎక్కువ. పరీక్షల హాలు టికెట్ల దొంతర ఒకటి చేతిలో పెడితే అనుభవమున్న మాస్టారు సగం జిల్లాలు చెప్పేస్తారు.

శంక: మన ఊళ్లల్లో లక్ష్మిని లచ్చి అంటారు, కృష్ణయ్యను కిష్టయ్య అంటారు, వెంకటమ్మను ఎంకి అంటారు, సుబ్రహ్మణ్యం నాలుగక్షరాల నుంచి అరిగి అరిగి సుబ్బడు అవుతాడు. ఇవన్నీ తప్పులు కావా? వీటికి లేని కోపం జి కీ జె కీ ఎందుకు?

సమాధానం: లచ్చి అన్నది నోటి మాట. పిలిచినవాళ్లకూ పలికినవాళ్లకూ అది ఎవరో తెలుసు. పైగా ‘లచ్చి’ అని పిలిచిన మేనత్త ఏనాడూ లచ్చిని పట్టుకుని ‘నువ్వే లక్ష్మివని రుజువేంటి’ అని అడగలేదు. కాగితం అడుగుతుంది. తప్పు వేసినవాడు ఒకడు, నోటరీ దగ్గర స్టాంపు పేపరు కొనేది ఇంకొకరు. నాయిక కోపమంతా ఇక్కడ. ఉచ్చారణ మీద ఆమెకు పెద్ద పట్టింపు లేదు; నానా అన్నా నవ్వుతుంది.

పాఠాంతరాలు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు తెప్పించి, ఒక్కో పద్యానికి నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి పాఠభేదాలు తేల్చేవాడు. జ్ఞానప్రసూన ఇంట్లో బీరువా తెరిస్తే ఆయనకు వారం రోజుల పని దొరికేది. పదో తరగతి మెమోలో జి-ఎన్, మధ్యలో ఖాళీ లేదు. ఆధార్‌లో జి-ఎన్, మధ్యలో ఖాళీ ఉంది. పాన్ కార్డులో జె, ఇంటిపేరు చివర. బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరం, ప్రసూనకు రెండు ‘ఓ’లు. రేషన్ కార్డులో ‘ప్రసన్న’. ఇది లేఖక ప్రమాదమని స్పష్టమే. ఆధార్ మీద తెలుగు వరస కూడా ఉంటుంది. అది ఇంగ్లీషు వరసలోంచి యంత్రం చేసిన తెలుగు గనక, నమోదు చేసేవారు పట్టించుకుని దిద్దకపోతే జ్ఞాన కాస్తా ‘గ్నాన’గా అచ్చవుతుంది. సొంత భాషలోకి తిరిగొచ్చేటప్పటికి పిల్ల గుర్తుపట్టరానంతగా మారిపోయింది.

వీటిలో మూలప్రతి ఏది? పండితులు ఏమనుకున్నా కార్యాలయాల్లో ఏకాభిప్రాయం ఉంది: పదో తరగతి మెమో. పద్నాలుగేళ్ల వయసులో క్లాసు టీచరు నామినల్ రోల్స్‌లో నింపినదే ప్రమాణం. అమ్మానాన్నా పెట్టింది పేరు, పంతులుగారు రాసింది పాఠం. ఆధార్‌లో పేరు దిద్దుకోవడానికి జన్మకు రెండే అవకాశాలు. కాబట్టి ఒకటి ఖాళీ కోసం వాడేస్తే మిగిలిన ఒక్కటీ జాగ్రత్తగా దాచుకోవాలి. 2023 జూన్ 30 లోపు పాన్‌ను ఆధార్‌తో కలపమన్నప్పుడు, ఆలస్యానికి వెయ్యి రూపాయలు కట్టి కూర్చున్న వాళ్లలో పేరు కలవనివాళ్లకు ఈ సూత్రం బాగా అర్థమయింది. ఇవన్నీ కుదరకపోతే ఆఖరి మార్గం అఫిడవిట్. అందులో ‘ఈ ఇద్దరూ ఒక్కరే’ అని ప్రమాణం చేసి, పేరుకూ పేరుకూ మధ్య ‘అలియాస్’ అని వేస్తారు. దినపత్రికల్లో దొంగతనం కేసుల పక్కన తప్ప ఆ మాటను చూసి ఎరగని ఇల్లాలు సంతకం పెట్టేటప్పుడు కాస్త తటపటాయిస్తుంది.

ప్రక్షిప్తాల గురించి ఒక్క మాట. కొన్ని పేర్లలో అదనపు ఏ, అదనపు హెచ్ కనిపిస్తే అది గుమస్తా పని కాదు, సంఖ్యాశాస్త్రం వారి పని. డబ్బిచ్చి చేయించుకున్న తప్పు తప్పు కిందికి రాదు.

పాస్‌పోర్టు ప్రకరణం. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసలుంటాయి. మొదటి వరసలో పేరుకు కేటాయించింది 39 గడులు, ప్రపంచమంతా ఇంతే. ఇప్పుడు వెంకట లక్ష్మీ నరసింహ సత్యనారాయణ మూర్తిగారిని తీసుకోండి. ఇంగ్లీషులో, మధ్య ఖాళీలతో సహా, సత్యనారాయణ దగ్గరికి వచ్చేసరికే సరిగ్గా 39 అవుతాయి. ఇంటిపేరు వచ్చి ముందు కూర్చుంటుంది గనక వెనకాల సత్యనారాయణ నరుక్కుపోతాడు. మూర్తిగారైతే మూర్తీభవించనే లేదు.

పొడుగు పేరుకు ఒక కష్టం, పొట్టి పేరుకు ఇంకో కష్టం. పేరంతా ఒకే గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో ఉన్న పేరును ఇంటిపేరు స్థానంలోకి నెట్టి, అసలు పేరు దగ్గర ఎఫ్-ఎన్-యు అని అచ్చు వేస్తారు. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. అక్కడ లైసెన్సు తీసుకుంటే దాని మీదా అదే ఎక్కుతుంది. ఆసుపత్రిలో నర్సు వచ్చి ‘ఫ్నూ, ఫ్నూ’ అని పిలుస్తుంటే, మన సత్యవతి ఎవరో చైనా వాళ్లను పిలుస్తున్నారనుకుని పత్రిక తిరగేస్తూ కూర్చుంటుంది. గల్ఫ్ దారిలో ఇది నవ్వులాట కూడా కాదు. 2022 నవంబరులో, పాస్‌పోర్టులో ఒంటి పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ చెప్పింది. తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించింది. ఈ రెంటి మధ్య టికెట్టు కొనుక్కున్న వాడి గుండె దడ జగిత్యాల వాళ్లను, నిజామాబాదు వాళ్లను అడగాలి.

ఇంటిపేరు ముందుండే మన అలవాటు ఆటల మైదానం దాకా వెళ్లింది. పూసర్ల వెంకట సింధు ఆడుతుంటే అంతర్జాతీయ పట్టికల్లో ‘పూసర్ల వి. సింధు’ అని వచ్చేది. రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చిన అమ్మాయి ఇంట్లో సింధు, స్కోరుబోర్డు మీద ముందుగా పూసర్ల.

ప్రతిపక్షం. తెలుగువాళ్లు ఈ విషయంలో వట్టి బాధితులేమీ కాదు. దత్తమండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మీద సీమ జనానికి ఎంత ఇష్టమంటే పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. పెట్టింది ‘మన్రోలప్ప’ అని. స్కాట్లండు ఇంటిపేరుకు అప్ప తగిలించి మనవాడిని చేసేశారు. నిజాం కొలువులో సేనాని అయిన ఫ్రెంచివాడు మొస్యూ రేమాఁ 1798లో పోయాడు. హిందువుల నోట ఆయన మూసా రాం, ముసల్మానుల నోట మూసా రహీం. హైదరాబాదులో మూసారాంబాగ్ ఆయన తోటే. రెండు వందల ఏళ్ల పైచిలుకుగా ఆ పేరు దిద్దమని ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. కావలసినవాడి పేరును మనం పాడు చెయ్యం, కలుపుకుంటాం అని వ్యాఖ్యాత వాదించబోయాడు గాని, ఫ్రాన్సులో ఉన్న రేమాఁ బంధువులు ఏమనుకున్నారో తెలియదు గనక ఊరుకున్నాడు.

తాత్పర్యం. ఓ వనితా! నీ నామధేయమును నేను వింటిని, చక్కగా పలికితిని, అయినను నీ వెనుక ఇంకను ముప్పది మంది వరుసలో నున్నారు గనుక, నాకు తోచిన అక్షరమును నీ జీవితములో ప్రవేశపెట్టుచున్నాను అని భావము. ఇచ్చట అలంకారము నిర్లక్ష్యము కాదు, రద్దీ.

అనుబంధం. ఈ బాధలన్నీ పడిన తరం ఇప్పుడు పిల్లలకు పేర్లు వెతికే తీరే మారిపోయింది. బారసాలకు ముందే ఇంగ్లీషులో రాసి చూసుకుంటున్నారు. ఒత్తులు లేనివి, జ్ఞ లేనివి, టి లేనివి, నాలుగైదు అక్షరాల్లో తేలిపోయేవి: అయాన్, రియా, ఇషాన్. విమానాశ్రయంలోనూ బళ్లోనూ ఒక్క దెబ్బతో పలుకుతారు. అమెరికా టీచరుకు నోరు తిరిగింది, పాస్‌పోర్టులో గడులు మిగిలాయి, అంతా సవ్యంగా ఉంది. తెనాలిలో నాయనమ్మకు మాత్రం అది నోట్లో నిలవడం లేదు. ఆదివారం వీడియో కాల్‌లో ‘ఒరేయ్ అయ్యన్నా, అన్నం తిన్నావట్రా’ అని అడుగుతోంది. కొడుకు రెండు సార్లు దిద్దాడు. వాడు మాత్రం అయ్యన్నా అంటేనే పరుగెత్తుకుంటూ ఫోను దగ్గరికి వస్తున్నాడు.