ఓల్టు పెరుగ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

ఓల్టు పెరుగ నాద మొక మెట్టు పైకేగు
వడిగ వణికెనేని వన్నె లీను
తనదు గొంతు తానె తనచెవిన్ బోసిన
పక్కయింటి గోడ పలుకరించు

అవతారిక: మాడ్యులర్ సింథసైజర్ కొన్నవాడికి మొదటి నెల కేబుళ్లు గుచ్చడంతోను, రెండో నెల పీకడంతోను గడుస్తుంది. రెండో నెలలో ఉన్న శిష్యుడొకడు “గురువుగారూ, నాకున్నది ఒకే ఆసిలేటరు. అది ఊఁ అని ఒకే కూత కూస్తోంది, ఏం చెయ్యను?” అని వాపోగా కవి ఈ పద్యం చెప్పుచున్నాడు.

ప్రతిపదార్థము: ఓల్టు = కేబుల్ గుండా ఆసిలేటరులోకి వచ్చు వోల్టేజి; పెరుగన్ = ఒకటి పెరగగా; నాదము = పై చెప్పిన కూత; ఒక మెట్టు = ఒక స్థాయి; పైకి ఏగున్ = పైకి పోవును; వడిగన్ = సెకనుకు 20 సార్లకు మించి; వణికెన్ ఏని = ఆ వోల్టేజి వణికినచో; వన్నెలు = కొత్త పౌనఃపున్యములను; ఈనున్ = కనును; తనదు గొంతున్ = తన అవుట్‌పుట్‌ను; తానె = తనంతట తానే; తన చెవిన్ = తన ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, అనగా ఎఫ్‌ఎం ఇన్‌పుట్ జాక్‌లో; పోసినన్ = కలిపినచో; పక్కయింటి గోడ = స్పష్టము; పలుకరించున్ = దబదబలాడును.

తాత్పర్యము: ఆసిలేటరు ఒకటే అయినా దాన్ని కదిలించే తీరులు అనేకమని భావము.

విశేషములు: “వోల్టు” అనక “ఓల్టు” అనడం “మొక”లోని ఒత్వంతో యతి కుదరడానికే. కవి విద్యుత్ శాఖ కన్నా యతికి ఎక్కువ భయపడ్డాడు.

“మెట్టు” అన్నచోట పేచీ ఉంది. వీణ తెలిసినవారు దీన్ని వీణ మెట్టుగా పట్టుకుంటారు. అది పొరపాటు. వీణకు 24 మెట్లు, అంటే రెండు స్థాయిలు. ఓల్టుకొక స్థాయి అన్న మూగ్ లెక్కన ఒక తీగ మీది మెట్లన్నీ రెండు ఓల్టుల్లో అయిపోతాయి, ఒక్కో మెట్టుకు దాదాపు 83 మిల్లీవోల్టులు. కాలిఫోర్నియాలో డాన్ బుక్లా మతం వేరు. ఆయన 200 శ్రేణి యంత్రాల్లో స్థాయికి 1.2 వోల్టులు, మెట్టుకు సరిగ్గా పదో వంతు ఓల్టు. లెక్కకు ఇదే సుఖం. లోకం మాత్రం మూగ్ వెంట పోయింది.

ప్రసక్తి వచ్చింది గనుక చిన్న నిరుక్తం. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలో సింథసైజర్ పని మొదలుపెట్టిన రాబర్ట్ మూగ్ పేరును మనం చదివినట్టు చదివితే మూగ. ఆయన తన పేరును “మోగ్” అనే పలికేవాడు. తెలుగు నిఘంటువు ఆయన పక్షమే. ఆయన యంత్రం మన దేశంలో మోగింది 1969లో, అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో. సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి అక్కడ స్టూడియో నెలకొల్పాడు.

“వడిగ” అనడంలో కవి పనితనం కనిపిస్తుంది. సెకనుకు అయిదారు సార్లు వణికితే అది మన కంపిత గమకానికి చుట్టం, వన్నెలేమీ పుట్టవు. వడి పెంచుతూ పోగా ఒకచోట చెవి వణుకును లెక్కపెట్టడం మానేసి, గొంతే మారిందంటుంది. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో సంగీతకర్త జాన్ చౌనింగ్ ఇలాగే వణుకును హద్దు దాటించి ఈ సంగతి పట్టుకున్నాడు. 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ దీన్నే నమ్ముకుని వచ్చింది.

ఇక “ఈను”. పుట్టించు, కలిగించు వంటి పెద్దమనిషి క్రియలుండగా గొడ్ల క్రియ ఎందుకు? కాన్పు కాన్పుకీ కవలలు గనుక. 400 హెర్ట్జ్ నాదాన్ని 100 హెర్ట్జ్‌తో వణికించండి. 300, 500 ఒక ఈత. 200, 600 మరో ఈత. వణుకు లోతు పెంచేకొద్దీ మంద పెరుగుతుంది.

మొదటి పాదం రెండో పాదానికి పెట్టిన చిక్కు కవికి తెలియలేదు. 440 హెర్ట్జ్ దగ్గర ఒక ఓల్టు పైకి, ఒక ఓల్టు కిందికి స్క్వేర్ వేవ్‌తో వణికిస్తే నాదం 880కీ 220కీ మధ్య గెంతుతుంది. సగటు 440 కాదు, 550. పైమెట్టు రెట్టింపు, కిందిమెట్టు సగం కావడమే కారణం. వణుకు పెరిగేకొద్దీ శ్రుతి పైకి జారుతుంది. హెర్ట్జ్‌ను అటూ ఇటూ సమానంగా కదిలించే లీనియర్ ఎఫ్‌ఎం అన్న జాక్ విడిగా ఉండేది ఇందుకే. కవి ఆ జాక్ ఊసే ఎత్తలేదు. ఆటవెలదిలో చోటు చాలలేదంటే సీసం ఎత్తుకోవలసింది.

మూడో పాదం: తన మాట తానే వినేవాణ్ణి మనం ఎరుగుదుం. ఆసిలేటరు అంతే. కొంచెం పోస్తే అల ఒక పక్కకు ఒరిగి గొంతు కాస్త కరుకెక్కుతుంది, శ్రుతి కదులుతుంది. అక్కడితో ఆగితే అందం. ఎంత పోయాలో చెప్పే నాబ్ ఎటెన్యుయేటర్. ఈ విద్యంతా దాని మీదే నడుస్తుంది, పద్యంలో దాని పేరే లేదు. ఇది కవి దోషం, సమర్థించను. నాలుగో పాదం ఆ దోష ఫలమే.

ఈ భాగం రాస్తూ, పాఠం సరిచూద్దామని రాత్రి పదకొండు దాటాక అవుట్‌పుట్ తెచ్చి ఎఫ్‌ఎంలో గుచ్చాను. గోడ మూడుసార్లు పలుకరించింది. పాఠకులు ముందు ఎటెన్యుయేటర్‌ను సున్నాకు తిప్పి, ఆ తర్వాతే కేబుల్ గుచ్చవలసిందిగా ప్రార్థన.