కోడి గింజ బండి ట్యాంకులోకి!

పల్లెలో ఖర్చేముంది, ఓ ఆవు, నాలుగు నాటుకోళ్లు, వాకిట్లో కుక్క ఉంటే రాజాలా బతికేయొచ్చని బెంగళూరు నుంచి పలమనేరుకు దిగేవాళ్లు సెలవిస్తుంటారు. దాణా అంగడి మెట్లెక్కేదాకా రాజాలే మరి!

ఆవుకు తవుడు, చెక్క అంగడాయన చెప్పిన ధరకే కొనాలి. అది ఇచ్చిన పాలకేమో వెన్న శాతం చూసి పాల కేంద్రంవాళ్లే ధర కడతారు. రెండు చోట్లా రైతు పని తలూపడమే. కోడి పాట్లు ఇంకా ఘోరం. 2025కల్లా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపారు. అందులో మంచి వాటా కోడి తినే మొక్కజొన్నదే. పెట్టా, మోటారు సైకిలూ ఇప్పుడు ఒకే బస్తా మీద పడ్డాయి. బండి గుడ్డు పెట్టదని ఢిల్లీలో ఎవరైనా చెబితే బాగుండు.

కుక్క మాత్రం గడుసుది. 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు పశువుల దాణాను వదిలేసి, ప్యాకెట్ కుక్క తిండికి 18 శాతం బాదారు. మన వీధి సింహం రాగిసంకటి ముద్ద మింగి దర్జాగా పన్ను ఎగ్గొడుతోంది.

బిల్లే లేకుండా మేసేది పలమనేరు పక్కనున్న కౌండిన్య అడవి ఏనుగులొక్కటే. అదీ రైతు చేలోనే!