కుక్కకు గుడ్డు పెట్టు విధానము

పొద్దున ఆరింటికి హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ నుంచి అశోక్‌నగర్ మీదుగా చిక్కడపల్లి దాకా కుక్కను పట్టుకుని నడిచే ప్రతివారికీ దారిలో ఒక ఉచిత వైద్యుడు తగులుతాడు. ఆయన బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి కావచ్చు, పాలప్యాకెట్లు వేసే కుర్రాడు కావచ్చు, ఇందిరాపార్కు దగ్గర రాగిజావ తాగుతున్న ఆంటీ కావచ్చు. కుక్కను ఎగాదిగా చూసి, "బొచ్చు కళ తప్పిందేంటండీ? రోజుకో గుడ్డు కొట్టండి, నెల తిరిగేసరికి అద్దంలా మెరుస్తుంది" అంటారు. ఫీజు లేదు, చీటీ లేదు. నిన్న ఆ మాట విన్నవారే ఇవాళ ఇంకొకరికి చెబుతారు. ఈ వ్యాసం రాస్తున్న మనిషిని కూడా ఆ జాబితాలోంచి తీసెయ్యనక్కర్లేదు.

ఇంతమంది చెప్పే పనిని అడ్డదిడ్డంగా చెయ్యడమెందుకు? శాస్త్రోక్తంగా చేయదలచినవారి కోసం ఈ విధానము.

మొట్టమొదట, కుక్క వంక సరిగా చూడకండి. ఇది చాలా ముఖ్యం. దువ్వెన పట్టుకుని చెవుల వెనకా, మెడ కిందా, కాలివేళ్ల మధ్యా వెతికితే గోమార్లు కనబడతాయి. గోమార్లు కనబడితే మందు వెయ్యాలి, చాప ఉతకాలి, బాల్కనీ మూలలు కడగాలి. బొచ్చు రాలడానికి గజ్జి కారణం కావచ్చు, ఫంగస్ కావచ్చు, కడుపులో పురుగులు కావచ్చు, థైరాయిడ్ తగ్గడం కావచ్చు, తినే తిండి పడకపోవడం కావచ్చు. వీటిలో ఏ ఒక్కటీ గుడ్డుతో పోదు. కాబట్టి చూడకపోవడమే క్షేమం.

రెండోది, గుడ్డు పచ్చిదే కొట్టండి. ఉడకబెడితే బలం పోతుందని మన తాతలు చెప్పారు. 1927లో లండన్‌లో మార్గరెట్ బోయస్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు ఎండబెట్టిన పచ్చి తెల్లసొన మేపి చూసింది. వాటి చర్మం పాడైంది, బొచ్చు ఊడింది. పచ్చి తెల్లసొనలోని ఎవిడిన్ అనే ప్రొటీన్, చర్మానికీ బొచ్చుకీ అవసరమైన బయోటిన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వదని 1940ల మొదట్లో తేలింది. ఉడకబెడితే ఎవిడిన్ ఆట కట్టు. నిజం చెప్పుకోవాలంటే, అప్పుడప్పుడూ ఒక పచ్చిగుడ్డు మొత్తంగా తిన్న కుక్కకి బట్టతల రాదు. పచ్చసొనలో బయోటిన్ బాగానే ఉంటుంది. కానీ పచ్చసొన తీసేసి రోజూ పచ్చి తెల్లసొన మాత్రమే పోసే మహానుభావులున్నారు. మెరుపు కోసం వారు ఎంచుకున్నది సరిగ్గా బొచ్చు రాల్చే భాగాన్ని. పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా భయం కూడా ఉంది. అది కుక్కతో ఆగదు, కుక్క నాకిన పసివాడి చేతి దాకా వస్తుంది.

పెంకు కూడా వెయ్యండి. ఎందుకని అడిగితే "కాల్షియం" అనండి.

ఇక ఈ పేటల ప్రత్యేకత: గుడ్డు గడప దాటని ఇంట్లో కుక్కకు గుడ్డు పెట్టడం. త్యాగరాయ గానసభ చుట్టుపక్కల పాత ఇళ్లలో, వాటి స్థానంలో లేచిన అపార్ట్‌మెంట్లలో ఈ కళ ఎంతో అభివృద్ధి చెందింది. దీనికి ప్రత్యేకంగా ఒక సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నె కావాలి. అది వంటింట్లో ఉండదు; బాల్కనీలో, వాషింగ్ మెషీన్ వెనక ఉంటుంది. పక్కనే ఒక పాత కరెంటు పొయ్యి. ఉడికేటప్పుడు వంటింటి తలుపు మూసి, బామ్మగారి గదిలో అగరొత్తి వెలిగించాలి. గుడ్లు వీధి చివరి కిరాణా కొట్లో కొనకూడదు, నారాయణగూడ దాకా పోవాలి. అక్కడ కొట్టువాడు ఏమీ అడగకముందే "మాకు కాదండీ, కుక్కకి" అనాలి. అతను తలెత్తడు. రోజుకు పదిమంది అదే మాట చెబుతారు.

ఆరు గుడ్లతో మొదలైన కొనుగోలు నెల తిరగకుండానే ముప్పై గుడ్ల అట్టకు చేరుతుంది. ఇంట్లో ఉన్నది ఒక్క కుక్క, జిమ్మీ. అట్ట పదిరోజుల్లో ఖాళీ అవుతుంది. దోమలగూడ జిమ్‌కి వెళ్లే అబ్బాయి "జిమ్మీకి పెట్టొస్తా" అని బాల్కనీలోకి వెళ్లి పావుగంట సేపు రాడు. లెక్క ఎవరూ అడగరు. కార్తీకమాసంలో మాత్రం జిమ్మీ కూడా ఉపవాసమే. అది పెరుగన్నం వంక చూసి, తర్వాత అబ్బాయి వంక చూస్తుంది. హాస్యానికి రాసినా ఇందులో ఒక మంచి సంగతి ఉంది: మూడు తరాలుగా తాము తినని పదార్థాన్ని, మడి పక్కనపెట్టి, చేత్తో ఒలిచి ఒక మూగజీవానికి తినిపిస్తున్నారు. ఆ ప్రేమను వెక్కిరించడం ఎవరి వల్లా కాదు. ఆ ఒలిచే చేతులు వారానికి రెండుసార్లు దువ్వెన కూడా పట్టుకుంటే బావుండునన్నదే బాధ.

మాంసాహారుల ఇళ్లలో సమస్య వేరు. సార్‌కి డాక్టరు కొలెస్ట్రాల్ ఉందని పచ్చసొన మానమంటాడు. సార్ ఉడికిన తెల్లసొన తిని పచ్చసొన లాబ్రడార్‌కి వేస్తాడు. అనుకోకుండా జరిగినా కుక్కకు దక్కింది అసలైన వాటా. బయోటిన్, విటమిన్ ఎ, చర్మానికి మెరుపునిచ్చే లినోలీక్ ఆమ్లం, అన్నీ పచ్చసొనలోనే. మనకొచ్చే రకం గుండె రక్తనాళాల జబ్బు కుక్కలకు అరుదు. కానీ ఇంట్లో నలుగురికీ కొలెస్ట్రాల్ ఉంటే నాలుగు సొనలూ దానికే. దాని నడుము వంక చూస్తే తెలుస్తుంది, సార్ జబ్బు ఎటు బదిలీ అయిందో. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఆకలి తీరనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. "ఇంకా ఆకలేస్తోంది పాపం" అనే మాటను ఆ వెలుగులో వినాలి.

చిన్న కుక్క అయితే లెక్క ఇంకా గట్టిగా చెయ్యాలి. ఐదు కిలోల పొమేరియన్‌కి రోజంతా కలిపి సుమారు 350 క్యాలరీలు చాలు. ఒక గుడ్డులో 70 దాకా ఉంటాయి, అంటే ఐదో వంతు. మామూలు తిండి తగ్గించకుండా పైన గుడ్డు పెడితే మెరిసేది బొచ్చు కాదు, పొట్ట.

మిగిలిపోయిన ఆమ్లెట్ పెట్టండి, గుడ్డే కదా! అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ పిల్లల కోసం సాయంత్రం వెలిసే బండ్ల దగ్గర ఈ దానం ఎక్కువ. ఆమ్లెట్‌లో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఇది మాత్రం వెటకారం కాదు, పెట్టకండి.

నాటు గుడ్డా, ఫారం గుడ్డా అని వాదించుకోండి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణ ముందు వరసలోనే ఉంది. 1982లో డాక్టర్ బి.వి.రావు చొరవతో పుట్టిన కోళ్ల రైతుల సంఘం నెక్ రోజూ హైదరాబాద్‌లో గుడ్ల ధర ప్రకటిస్తుంది. ఇంత గుడ్డున్న చోట వాదనకు కొదవేమిటి? పెంకు రంగు కుక్కకి పట్టదు.

వీధికుక్కలకు పెట్టే పుణ్యాత్ములకు ఒక మాట. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఎక్కడపడితే అక్కడ కాకుండా కేటాయించిన చోట్లే తిండి పెట్టాలని చెప్పింది. ఒక్క గుడ్డుకు ఐదు కుక్కలు పోటీపడినప్పుడు మధ్యలో చెయ్యి పెట్టి న్యాయం చెయ్యాలనిపిస్తుంది. అలా చేసినవారికి నారాయణగూడ ఐపీఎం దగ్గరే. కుక్కకాటు టీకాలకు దశాబ్దాలుగా జనం వెళ్లే చోటే.

మూడో అంతస్తులో హస్కీని పెంచుతూ మే నెలలో దాని బొచ్చు ఊడుతోందని గుడ్ల సంఖ్య పెంచడం గురించి ఏం చెప్పాలి? సైబీరియా చలికి తయారైన లోపలి బొచ్చు అది. ఊడనివ్వండి.

అసలు ఈ గుడ్డు ఇంత గెలవడానికి కారణం బొచ్చులో లేదు, మనలో ఉంది. గుడ్డు పది రూపాయల లోపు పని. వాసన తగలగానే కుక్క తోక ఊపుతుంది, గిన్నె నాకుతుంది, మన ముఖంలోకి చూస్తుంది. ఆ క్షణంలోనే వైద్యం ఫలించినట్టుంటుంది. దువ్వుతుంటే అది పారిపోతుంది, స్నానమంటే మంచం కింద దూరుతుంది, ఆస్పత్రి మెట్ల దగ్గర నాలుగు కాళ్లూ నేలకు పాతేస్తుంది. పైగా తిండిలో చేసిన మార్పు బొచ్చులో కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకూ ఆగే ఓపిక ఉన్నవారు మొదటి వారంలోనే పక్కింటివారికి సలహా ఇవ్వరు.

గుడ్డు మంచిదే. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, పెద్ద కుక్కకు ఒకటి, చిన్నదానికి సగం, వారానికి రెండు మూడుసార్లు చాలు. కొన్ని కుక్కలకు గుడ్డు పడదు. దురద మొదలైతే ఆపేయండి. బొచ్చు గుత్తులుగా ఊడినా, మధ్యలో చర్మం కనబడినా నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. వెళ్లేటప్పుడు టీకాల కార్డు మరిచిపోకండి.