ఉగ్రవాదానికి తారీఖు

ఇందల్వాయి టోల్‌గేటు దగ్గర హోటల్లో చాయ్ తాగుతుంటే టీవీలో మళ్ళీ ఉగ్రవాదం అంతమవుతోంది. పదోసారో, పదకొండోసారో. ఇంత ఓపిగ్గా అంతమయ్యేది లోకంలో ఇంకోటి లేదు.

2016 నవంబరులో నోట్లు రద్దు చేసినప్పుడే దాని నడుం విరిగిందన్నారు. బ్యాంకు లైన్లలో మా నడుములూ విరిగాయి గనుక నమ్మాం. 2025 జూన్ 29న హోంమంత్రి అమిత్ షా నిజామాబాద్ వచ్చి పసుపు బోర్డు ఆఫీసు తెరిచారు. 2026 మార్చి 31కల్లా నక్సలిజం ఉండదని అక్కడి సభలోనే చెప్పారు. పసుపు ధర ఎప్పుడు లేస్తుందో మాత్రం తారీఖు పడలేదు.

నా బల్ల మీదే కూర్చున్న పసుపు రైతు నవ్వాడు. "తారీఖులు చెప్పుడు మా జిల్లాకు కొత్తనా బిడ్డా? అయిదు రోజులల్ల బోర్డు తెస్తనని బాండు పేపర్ రాసిచ్చిండు గదా!" 2019 ఎన్నికల్లో అభ్యర్థి రాసిచ్చిన బాండు అది. ఆ అయిదు రోజులు 2025 జనవరి దాకా సాగాయి.

ఇటు సిరికొండ, ధర్పల్లి అడవుల్లో ఒకప్పుడు నక్సల్ దళాలు తిరిగేవి. 1989లో పోలీసు అధికారి కె.ఎస్.వ్యాస్ చేతుల మీదుగా వాటిని వేటాడే గ్రేహౌండ్స్ పుట్టింది. అది గెలవలేదనను, గెలిచింది. దళాలు గోదావరి దాటాయి. మా చేను బాగుపడిందని సర్టిఫికెట్ వచ్చింది, తెగులు పక్క చేనుకు చేరింది. బస్తర్‌లో సల్వాజుడుం పేరుతో ఆదివాసీ పిల్లల చేతికి తుపాకులిస్తే, అది రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పోలీసు ఎక్కడ ఆగాలో, సైన్యం ఎక్కడ మొదలవ్వాలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

సైన్యం సంగతి ఇంకో తీరు. ఉగ్రవాదులతో పోరాడటానికే 1990లో రాష్ట్రీయ రైఫిల్స్ పెట్టారు. 2020లో గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు ప్రాణమిచ్చాక, జమ్మూ వైపున్న ఆ దళాల్లో ఒక భాగాన్ని చైనా సరిహద్దుకు తరలించారు. మరుసటి ఏడాది నుంచే పూంఛ్, రాజౌరీల్లో జవాన్ల మీద దాడులు మళ్ళీ మొదలయ్యాయి. ఒక చేను కంచె పీకి ఇంకో చేనుకు వేస్తే అడవిపందులు ఎటు పడతాయో ఇందల్వాయిలో పిల్లాడినడిగినా చెబుతాడు.

మనకంటే పెద్ద తారీఖు పండితులు అమెరికావాళ్ళు. 2003 మే 1న ఇరాక్ యుద్ధం గెలిచామని బుష్ యుద్ధనౌక ఎక్కి, 'పని పూర్తయింది' అన్న బ్యానర్ కింద నిలబడ్డాడు. పదకొండేళ్ళకు అక్కడి మోసుల్ ఐసిస్ చేతిలో పడింది. నిజామాబాద్, కరీంనగర్ నుంచి ఇరాక్ పోయిన మన కూలీలు బతుకుజీవుడా అని ఇల్లు చేరారు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు మాత్రం చేరలేదు, అది ముందే ఇంట్లో ఉంది. ఇక అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్ళు పెంచిన సైన్యం కాగితం మీద మూడు లక్షలు. జీతాల పట్టీలో ఉండి గస్తీలో కనిపించని సిపాయిలు అందులో ఎందరో. ఉపాధిహామీ మస్టర్లు చూసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్లోకి నడిచొచ్చారు. 700 కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన సామగ్రి అక్కడే మిగిలింది. అమెరికా ఎం4 రైఫిళ్ళు ఇప్పుడు కశ్మీర్ ఎన్‌కౌంటర్లలో దొరుకుతున్నాయి. ఉగ్రవాదాన్ని చంపడానికి తెచ్చిన తుపాకే అది.

"పసుపుకు దుంపకుళ్ళు వస్తే ఏం చేస్తవ్ కాకా?" అని రైతునడిగాను.

"మందు కొడ్త. కానీ ముందుగాల చేన్ల నిలిచిన నీళ్ళు తియ్యాలె. నీళ్ళట్లనే ఉంచి ఎన్ని డబ్బాలు కొట్టినా దుకాణపోడే బాగుపడ్తడు."

ఆయుధాల కంపెనీల లెక్క అడగబోయి ఊరుకున్నాను.

ఇక మీదట ఏ సభలో ఎవరు తారీఖు చెప్పినా, చప్పట్లు కొట్టేముందు ఒక బాండు పేపరు అడగండి. స్టాంపు ఖర్చు నిజామాబాద్ జిల్లావాళ్ళం మేమే పెట్టుకుంటాం.