గచ్చు కింద నేల: ఒక గడ్డపార ఆత్మకథ

నేల ఎక్కడ నీళ్లు తాగుతుందో, ఎక్కడ తాగదో మొన దిగగానే నాకు తెలిసిపోతుంది. ఎర్ర చల్కలో మెత్తగా దిగుతాను. తడిసిన నల్లరేగడి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. మొరంలో గరగరమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు నాకిష్టం. ఆ రేణువుల సందుల్లోంచే వాన నీరు కిందికి జారి బావులకు చేరుతుంది. బండ తగిలితే మాత్రం నిప్పురవ్వ లేచి, పట్టుకున్నవాడి భుజం దాకా జల్లుమంటుంది.

నేను గడ్డపారను. పాలమూరు జిల్లాలో ఒక పల్లె కొలిమిలో పుట్టాను. ఒక కొస మొన, రెండో కొస ఉలి అంచు. కమ్మరి నన్ను కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి తీసిన నాటి నుంచి మా మేస్త్రి చేతిలోనే ఉన్నాను. తొలి పని బావి తవ్వడం. ఎర్రమట్టి పోయి, మొరం పోయి, బండ పగుళ్లలోంచి మొదటి ఊట వచ్చినప్పుడు మేస్త్రి ఆ నీళ్లు దోసిట పట్టి కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత ఊరినిండా బోర్లు పడ్డాయి, మేం తవ్విన బావులు ఒక్కొక్కటే అడుగంటాయి. మేస్త్రి నన్ను భుజాన వేసుకుని హైదరాబాదు బస్సెక్కాడు.

కూకట్‌పల్లి లేబర్ అడ్డా మీద నాకు పని లేని రోజు తక్కువ. గల్లీలో సీసీ రోడ్డుకు నేల సాపు చేయాలి. ఇంటి ముందు పార్కింగ్ టైల్స్ వేయడానికి చెట్టు మొదలు పెకిలించాలి. అపార్ట్‌మెంట్ చుట్టూ గచ్చు పోయడానికి మట్టి తీసేయాలి. నేను తవ్విన చాలాచోట్ల సాయంత్రానికి సిమెంటు పడేది. పల్లెలో నేల లోపలికి దారి చేసిన నేను, పట్నంలో ఆ దారి మూసే పనుల్లో అరిగాను.

2020 అక్టోబర్ 13 రాత్రి ఆ పనులన్నింటి ఫలితం కళ్లారా చూశాను. ఆ ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్ల దాకా వాన కురిసింది. కప్పుల మీద, గచ్చుల మీద, రోడ్ల మీద పడ్డ నీటికి ఇంకే చోటు లేదు. అంతా ఒకేసారి నాలాల మీద పడింది. మా గల్లీలో సెల్లార్ నిండి, మెట్లెక్కి, కింది అంతస్తులోకి వచ్చింది. నడుము లోతు నీళ్లలో నిలబడి మేస్త్రి నాతో ప్రహరీ గోడకు కన్నం కొట్టాడు. ఆ కన్నంలోంచి పోయిన నీళ్ల కంపు ఇప్పటికీ మరిచిపోలేదు. డీజిల్, మురుగు, కుళ్లిన ఆకు, ఇంకేవో రంగు నురగలు.

ఈ నాలాలు మురుగు కోసం పుట్టినవి కావు. ఒక చెరువు అలుగు పారి కింది చెరువును నింపడానికి ఏర్పడ్డ వాగులవి. కూకట్‌పల్లి నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. ఆ సాగరం 1562లో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో కట్టింది. అక్కడ పొర్లిన నీరు చివరకు మూసీకే పోతుంది. అనంతగిరి కొండల్లో తేటగా పుట్టే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోపు పట్నంలోని మకిలినంతా మోసుకుపోతుంది. దిగువ రైతులు ఆ నీళ్లతోనే పశువుల గడ్డి పెంచుతారు.

ఇదంతా నాకు చెప్పింది ఒక సర్కారు బడి సైన్స్ టీచర్. నాతో అన్నదని కాదు. పిల్లలకు చెబుతుంటే గోడకు ఆనుకుని విన్నాను. మేస్త్రి ఆ బడి ప్రహరీకి మరమ్మతు చేస్తున్న జూన్ నెల అది. తొలి వాన పడగానే ఆమె పిల్లల్ని వెంటబెట్టుకుని నాలా వంతెన మీదికి బయల్దేరింది. "మేస్త్రీ, మీరు కూడా రండి, పిల్లలు అంచుకు పోకుండా చూడాలి" అంది. మేస్త్రి నన్ను గట్టు మీద లోతుగా దింపాడు. బకెట్ తాడు నాకే కట్టారు. నీటి ఉరవడికి తాడు జివ్వున లాగుతుంటే నేను కదలకుండా నిలబడ్డాను.

పైకి వచ్చిన నీళ్లు నల్లగా ఉన్నాయి, మీద నూనె తెట్టు రంగులు తిరుగుతోంది. అడుగున నలుపు తెలుపు బిళ్ల అతికించిన పొడవాటి పారదర్శకపు గొట్టంలో ఆ నీళ్లు పోశారు. నాలుగు వేళ్ల ఎత్తు రాకముందే బిళ్ల మాయమైంది. గంటన్నర తర్వాత ఇంకో బకెట్ తోడితే, నీళ్లు ఇంకాస్త పైదాకా పోసినా బిళ్ల కనిపించింది. టీచర్ పిల్లలతో రాయించింది ఇదీ: ఎండాకాలమంతా రోడ్ల మీద, కప్పుల మీద పేరుకున్న దుమ్ము, ఇంజనాయిలు, బ్రేకులరిగి రాలిన రాగి, టైర్లలోని జింకు, కుక్కల పెంట, అన్నీ తొలి వాన మొదటి భాగంలోనే కొట్టుకొస్తాయి. అందుకే ఆ మొదటి నీళ్లను ఎక్కడికక్కడ ఆపగలిగితే సగం గెలిచినట్టే. సీసాలో చుక్కలు వేసి నీటిలో కరిగిన ఆక్సిజన్ కూడా చూశారు. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములుండాలి. ఆ సీసా రంగు అంతకు చాలా కిందే ఆగిపోయింది. "మరి ఇందులో చేపలు ఎట్ల బతుకుతయి మేడమ్?" అని ఒక పిల్ల అడిగింది. టీచర్ బదులు చెప్పలేదు, తలపంకించింది.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం సంగతి ఆమె చెప్పింది ఆ రోజే. అక్కడ కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి పట్నపు వాగుల్లోకి వచ్చి, వాన పడగానే గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయేవట. ఎన్నో ఏళ్లు కారణం దొరకలేదు. టైరు రబ్బరు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అనే విషంగా మారుతుందని, చేపల్ని చంపుతున్నది అదేనని 2020 డిసెంబరులో శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అంతకు ముందే చేసిన ప్రయోగాల్లో అలాంటి రోడ్ల మీది వాన నీటినే ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలోంచి వడగట్టి వదిలితే చేపలు బతికాయి. ఇది విన్నాక నేను నా మొనకు అంటిన మట్టిని కొత్తగా చూశాను.

సంక్రాంతి సెలవులయ్యాక బడిలో వాన తోట పని, అంటే వాన నీటిని ఆపి మట్టిలోంచి వడగట్టే తోట పని, మొదలైంది. కప్పు మీద నీరు పైపులోంచి గచ్చు మీద పడి, గేటు దాటి, రోడ్డు మీదుగా నాలాకు పోతుంది. పిల్లలు ఆ కప్పు కొలిచారు. 100 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన, అంటే ఆ ఒక్క కప్పు నుంచే ఏటా 80,000 లీటర్లు. ఆ లెక్క బోర్డు మీద చూసి హెడ్‌మాస్టర్ సారు గచ్చు పగలగొట్టడానికి ఒప్పుకున్నాడు. పునాదికి చెమ్మ తగలకుండా గోడకు 10 అడుగుల అవతల గుర్తు పెట్టారు.

గచ్చు పగలగొట్టిన క్షణం నాకు పండగ. కానీ దాని కింద ఉన్నది నేల కాదు. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, రోలరు తొక్కి బిగించిన చెత్త. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపితే గంట గడిచినా కర్ర మీద పెట్టిన గీత నుంచి నీళ్లు కిందికి దిగలేదు.

"గీ మట్టి నీళ్లు తాగుతలేదు తాతా" అన్నాడొక పిల్లాడు మేస్త్రితో.

"తాగుతదిరా. ఇంకా లోపటికి పోవాలె."

పోయాం. చెత్తంతా తట్టలతో ఎత్తిపోశాక ఎర్రమట్టి తగిలింది, దాని కింద మొరం. గరగర. ఈసారి పోసిన నీళ్లు పిల్లలు చూస్తుండగానే దిగాయి. ఆ పిల్లాడు గుంత అంచున బోర్లా పడుకుని, కర్ర మీద ఒక్కో గీత బయటపడినప్పుడల్లా కేకేశాడు.

మూడడుగుల లోతున తీసిన గుంతలో సగానికి పైగా దొడ్డు ఇసుక, మిగతాది ఎర్రమట్టి, ఆకు ఎరువు కలిపి నింపారు. నల్లరేగడి వేద్దామని ఎవరో అంటే మేస్త్రి వద్దన్నాడు, అది తడిస్తే అడుసై దారి మూసేస్తుంది. తోట మట్టం చుట్టూ ఉన్న నేలకన్నా జానెడు కిందికి ఉంచారు. పైపు నీళ్లు పడేచోట కోత పడకుండా గులకరాళ్లు పేర్చారు. ఎక్కువైన నీరు పోవడానికి ఒక వైపు అలుగు పెట్టారు. నీళ్లు నిలిచే నడిమధ్యలో వట్టివేరు, మెట్ట తామర, తుంగ. అంచున గరిక, నందివర్ధనం. వారం తడిసినా, రెండు నెలలు ఎండినా తట్టుకునేవే ఏరుకున్నారు.

ఇంకుడు గుంతలు మన దగ్గర కొత్త కాదు. 2002 వాల్టా చట్టం వచ్చాక నేనే ఎన్నో తవ్వాను. అవి శుభ్రమైన కప్పు నీటికి మంచివే. మురికి నీరు పంపితే కంకర సందులు పూడిపోతాయి. వాన తోటలో మట్టే జల్లెడ. బురద పైపొరలో ఆగుతుంది, జింకు, రాగి మట్టికి, ఎరువుకు పట్టుకుంటాయి, నూనెను సూక్ష్మజీవులు తింటాయి, వేళ్లు మట్టి బిగుసుకుపోకుండా దారులు తెరిచి ఉంచుతాయి. 1990లో అమెరికా మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జ్స్ కౌంటీలో ఇళ్ల ముందు ఇలాంటివి మొదలుపెట్టారని టీచర్ చెప్పింది. ఫ్యాక్టరీ వ్యర్థానికి మాత్రం ఇది మందు కాదు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని కనుక్కున్నారు. దాన్ని పుట్టినచోటే ఆపాలి, ఆ భారం బడిపిల్లల తోట మీద పెట్టడం అన్యాయం.

వానాకాలం వచ్చింది. కాపలాదారు దోమల గురించి రోజూ గొణిగాడు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పడుతుంది, మా తోటలో నీళ్లు ఒక రోజులో ఇంకిపోయేవి. పెద్ద వాన కురిసిన ఒక రాత్రి అలుగు పారింది. ఆ నీళ్లు గొట్టం నిండా పోసినా బిళ్ల కనిపించిందని పిల్లలు గంతులేశారు. ఏటా వానలకు ముందు పైపొర బురద ఎత్తేయాలి, లేకపోతే తోట కాస్తా మురికి గుంట అవుతుంది. ఆ పని కొత్త తరగతికి అప్పగించారు.

మొన్న అడ్డా మీద ఒకాయన వచ్చాడు. ఇంటి చుట్టూ పెద్ద స్థలం, అంతా పార్కింగ్ టైల్స్ వేయాలన్నాడు. మేస్త్రి నన్ను ఆ స్థలంలో రెండుచోట్ల దింపి చూశాడు. రెండోచోట గరగరమంది.

"గీ మూలకు టైల్స్ వద్దు సారూ. కప్పు నీళ్లన్నీ గీడికి తిప్పుకుంటే మీ బోరే బతుకుతది."

"దానికి వేరే ఎంత తీసుకుంటావ్?"

"తవ్వకం కూలి ఒక్కటే. ముందు గోడ కాంచి పది అడుగులు కొల్వుండ్రి."